ఇయ్యాల నేనెవల్ని?

ఆ రోజు మైదానంలో సున్నపు గీతలు వంకరగా ఉన్నాయి. గోల్ ముందరి పెట్టె ఒక పక్క సాగి ఇంకో పక్క కుంచించుకుపోయింది. మధ్య గుండ్రం కోడిగుడ్డులా ఉంది. జిల్లా ఫుట్‌బాల్ పోటీల ప్రారంభానికి నన్ను పెద్దమనుషుల వరుసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీ ఆయన ఏదో చెబుతున్నాడు, నా చూపంతా ఆ గీతల మీదే ఉంది. ఇన్నేళ్లలో ఈ మైదానంలో గీత వంకరపోవడం నేను చూడలేదు. సున్నం డబ్బా పట్టుకుని నిలబడ్డ కొత్త మనిషిని పిలిచి, పాతాయన ఏడని అడిగాను.

"పోయిండు గద సార్. కామెర్లయినయ్. పన్నెండు దినాలయితుంది," అన్నాడు. "మీకెర్క లేదా?"

ఎరుక లేదు. నేనుండేది ఇదే నాందేడ్‌లో. ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ పావుగంట నడక. నా నౌకరీ, నేను కూర్చున్న కుర్చీ, ఇంకాసేపట్లో నా భుజాల మీద పడబోయే శాలువా, అన్నీ ఆయన ఎడమ కాలు పెట్టిన భిక్ష. ఆయన పోయిన సంగతి పన్నెండు రోజుల తరువాత నాకు గీతలు చెప్పాయి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి చెబుతాను. నా పేరూ రాయను. అది రాయాలంటే నాకే సిగ్గు.

మా ఊళ్లో అప్పట్లో జిల్లా జట్టు అని పైకి ఒకటే కనిపించేది గానీ నిజానికి రెండు జట్లు. ఒకటి కాగితం మీది జట్టు, ఇంకోటి మైదానంలో ఆడే జట్టు. పోటీలకు నెల ముందు పంపే జాబితాలో బంతులు కొనిచ్చిన సేట్ల కొడుకులు, కమిటీ సెక్రటరీ మేనల్లుడు, ఫలానా సాహెబ్‌గారి తమ్ముడు ఉండేవాళ్లు. జాబితాకు ఫోటోలు అక్కర్లేదు. ఆట రోజు ఆ పేర్లు పెట్టుకుని వేరేవాళ్లు దిగేవాళ్లు. మగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్లు, స్టేషన్ హమాలీలు, గిర్నీలో పిండి విసిరేవాళ్లు. గెలిస్తే సర్టిఫికెట్టు కాగితం జట్టుకు. ఓడితే తిట్లు ఆడిన జట్టుకు. మా సెక్రటరీ పేరున్న వకీలు, పొద్దున లేస్తే కోర్టులో న్యాయం మాట్లాడే మనిషి. ఈ పద్ధతికి ఆయనే మరాఠీలో ఒక మాట కట్టాడు: "నావ్ కాగదాచం, పాయ్ తుఝా." పేరు కాగితానిది, కాలు నీది. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, పళ్లన్నీ కనబడేలా నవ్వాను.

నేను కాగితం జట్టులో వాణ్ని. మాది మార్కెట్‌లో పప్పుల దుకాణం. మా నాయన ఏడాదికి రెండు బంతులు ఇచ్చేవాడు, అందుకని నేను ఆటగాణ్ని.

ఆయన ఆడే జట్టులో వాడు. తాత కాలంలో నిజామాబాద్ వైపు నుంచి మగ్గంతో పాటు వచ్చిన కుటుంబం. పొట్టి మనిషి. షెడ్డు నుంచి నేరుగా మైదానానికి వచ్చేవాడు కాబట్టి కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి నూలు పొట్టు ఉండేది. బూట్లు వేసుకోమంటే చీదరించుకునేవాడు, చీలమండలకు పాత పట్టీలు చుట్టుకుని ఉత్త కాళ్లతో ఆడేవాడు. బంతి కొట్టే ముందు ఎడమ బొటనవేలిని మట్టిలో రెండుసార్లు రుద్దేవాడు. కొట్టాక బంతి ఎటు పోయిందో చూసేవాడు కాదు, వీపు తిప్పి నడిచి వచ్చేసేవాడు. ఎందుకట్లా అని అడిగితే, "పోయేది పోతది. ఇగ చూసుడెందుకు?" అనేవాడు.

ఊరు దాటి ఆడటానికి లారీలో పోయేవాళ్లం. లారీ మైదానం ముందు ఆగగానే ఆయన చొక్కా విప్పి భుజాన వేసుకుని సెక్రటరీ దగ్గరకు పోయి అడిగేవాడు: "సాబ్, ఇయ్యాల నేనెవల్ని?"

సెక్రటరీ జాబితా చూసి ఒక పేరు చెప్పేవాడు. ఆయన దాన్ని రెండుసార్లు గొణుక్కునేవాడు. తండ్రి పేరేంది, వయసెంత, ఏ గల్లీ అని అడిగి తెలుసుకునేవాడు. అవతలి జట్టువాళ్లు అనుమానపడి అడిగితే తడబడకూడదు కదా. ఒకే ఒక్కసారి ఇస్లాపూర్‌లో రెఫరీ తండ్రి పేరు అడిగితే సొంత తండ్రి పేరు చెప్పేశాడు. జట్టంతటికీ గుండె ఆగినంత పనైంది. రెఫరీ పట్టించుకోలేదు గానీ ఈయన మాత్రం సాయంత్రం దాకా లెంపలు వేసుకుంటూనే ఉన్నాడు, సొంత తండ్రిని తలచుకోవడం ఏదో తప్పయినట్టు.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. అప్పుడు మాకు అది పెద్ద తమాషా. ఏ ఇంటి పేరు తీసుకుంటే ఆ రోజంతా ఆ ఇంటి ఆచారం పాటించేవాడు. పంతులు గారి కొడుకు పేరున ఆడిన రోజు జట్టంతా మాంసం కూర తింటుంటే ఈయన దూరంగా కూర్చుని అరటిపండ్లు తిన్నాడు. ఖాన్ సాహెబ్ తమ్ముడి పేరున ఆడిన శుక్రవారం, నమాజు వేళ దాటేదాకా బంతి ముట్టలేదు. "ఏం పిచ్చిరా నీకు?" అంటే, "ఒకలది అంగి అడిగి తొడుక్కుంటే మురికి చేసి ఇస్తమా? పేరు సుత గంతే," అన్నాడు. ఇచ్చిన వాళ్లలో ఒక్కడికైనా తన పేరు మీద అంత శ్రద్ధ ఉందా? నాకైతే లేదు. ఆ సంగతి తరువాత రుజువైంది కూడా.

డెబ్బైల మొదట్లో కరువొచ్చిన ఏడు మేం ఫైనల్ చేరాం. ఆట పర్భణీలో, శనివారం. మగ్గాల షెడ్డు మూతబడి ఆయన అప్పుడు నాయ్‌గావ్ రోడ్డు మీద కరువు పనిలో కంకర కొడుతున్నాడు. అక్కడి నుంచే లారీ ఎక్కాడు, అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. లారీ ఆగగానే మామూలు ప్రశ్న అడిగాడు. సెక్రటరీ నా వైపు వేలు చూపించి, "ఆజ్ తూ హా," అన్నాడు. ఇవాళ నువ్వు వీడివి.

ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "సేటూ, మీ ఇంట్ల ఏం తినరు?"

"అన్నీ తింటాం. శనివారం ఉల్లిగడ్డ తినం," అన్నాను. మా అమ్మ పట్టింపు అది. నేను బయట శుభ్రంగా తినేవాణ్ని.

ఆయన గుడ్డ మూట విప్పాడు. రెండు జొన్న రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ. ఆ కరువులో కూర ఎక్కడిది? ఆ ఉల్లిగడ్డే కూర. దాన్ని తీసి పక్కవాడికి ఇచ్చేసి, వట్టి రొట్టెలు నీళ్లలో ముంచుకుని తిన్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను. తినరా, నేనే తింటాను, నీకేం పట్టింపు అని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది? అనలేదు. లోపల ఎక్కడో నాకది బాగానే ఉంది. నా పేరుకు ఎవరో మడి కడుతున్నారు మరి.

ఆట ఆఖరి పది నిమిషాల్లో ఎడమ వైపున మాకు ఫ్రీకిక్ దొరికింది. బొటనవేలు రెండుసార్లు మట్టిలో రుద్దాడు. బంతి గోడలా నిలబడ్డ మనుషుల పక్కగా వంపు తిరిగి పోయి పై మూలలో పడింది. జనం లేచి అరిచేసరికి ఆయన వీపు తిప్పి సగం దూరం వచ్చేశాడు. మైకులో నా పేరు వినిపించింది. ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకుని నా పేరే అరిచారు. నేను గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాను. నా పేరును అంత ప్రేమగా, అంత గట్టిగా నా జన్మలో ఎవరూ పిలవలేదు.

రెండు రోజుల తరువాత మరాఠీ పేపరు పట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. "చూడు సేటూ, నీ పేరు ఎంత మంచిగ అచ్చయిందో!" అని మా నాయనకు మూడుసార్లు చదివి వినిపించాడు. మా నాయన సంబరపడి ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. ఆయన ఆ వార్త ఉన్న ముక్కను మాత్రం కత్తిరించుకుని తీసుకుపోయాడు. అట్లా ముక్కలు దాచుకునేవాడని నాకు అప్పుడే తెలిసింది. ఆ మరుసటి ఏడు బిలోలిలో మోకాలు మెలికపడి దవాఖానకు తీసుకుపోతే, సెక్రటరీ మేనల్లుడి పేరున ఆడుతున్నాడు కాబట్టి చీటీ కూడా ఆ పేరుతోనే రాయించారు. ఎక్స్‌రేలో ఎముక ఈయనది, కవరు మీద పేరు ఆ మేనల్లుడిది. ఆ కవర్లోనే తన పేపరు ముక్కలన్నీ పెట్టుకునేవాడు.

తరువాత ఒక సర్కారు ఆఫీసులో క్రీడాకారులకని ఒక గుమాస్తా పోస్టు పడింది. ఆ పర్భణీ ఫైనల్ ఆడినవాళ్లకు మొదటి అవకాశమని చెప్పుకున్నారు. ఆయన దుకాణానికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. అప్పటికి ఇద్దరు పిల్లలు. షెడ్డు ఒక నెల తెరిస్తే రెండు నెలలు మూత.

"సేటూ, మీకు దుకాణం ఉన్నది. నాకు గీ నౌకరి అస్తే ఇల్లు నిలవడ్తది. మెట్రిక్ పాసయిన, గుమాస్తా పని చేస్త. సర్టిఫికెట్ నీ పేర ఉన్నది, ఎర్కే. నేను పోయి సాబ్‌కు అంత చెప్త. నిన్నడిగితే అవునని ఒక్క మాట చెప్పు, సాలు."

నేను తల ఊపాను. ఆ ఊపు నాకు ఇప్పటికీ మెడలో పట్టేసినట్టు ఉంటుంది.

ఆయన పోగానే మా నాయన, "కాగదం ఎవల పేర ఉంటె నౌకరి ఆలదే. నువ్వు సుత దరఖాస్తు పెట్టు," అన్నాడు. పెట్టాను. పప్పుల మధ్య కూర్చోవడం నాకూ విసుగ్గానే ఉండేది. కారణం అంతకన్నా పెద్దదేం కాదు. ఆకలి కాదు, అప్పు కాదు, ఉత్త విసుగు.

ఇంటర్వ్యూ రోజు ఆయన నా కన్నా ముందే లోపలికి పోయాడు. కాసేపటికి నన్ను పిలిచారు. బల్ల మీద ఎక్స్‌రే కవరు బోర్లించి ఉంది. ఎనిమిది పేపరు ముక్కలు, ఎనిమిది పేర్లు. ఆయన ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి, "గిది నేనే సాబ్. గిది సుత నేనే," అంటున్నాడు. ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. నా పేరున్న ముక్క తీసి నా ముందు పెట్టి అడిగాడు: "హా మ్హణతో, హా గోల్ యానే మారలా. ఖరం కా?" ఈ గోల్ తాను కొట్టానంటున్నాడు, నిజమేనా?

నేను ఆయన వైపు చూడలేదు. "నాహీ, సాహేబ్," అన్నాను.

అవునని చెబితే జట్టునే పోటీల నుంచి తీసేసేవారేమో, సెక్రటరీ పరువు పోయేదేమో, ఆయనకూ నౌకరీ వచ్చేది కాదేమో. ఇవన్నీ తరువాత రాత్రుళ్లు కూర్చుని అల్లుకున్న సాకులు. ఆ గదిలో నా బుర్రలో ఒక్క ఆలోచనా లేదు. కుర్చీ కావాలి, అంతే.

ఆయన అరుస్తాడనుకున్నాను. నా కాలరు పట్టుకుంటాడనుకున్నాను. ఆయన మాత్రం కాగితాలు ఏరి కవర్లో పెట్టుకుంటూ, "అవ్ సాబ్. గల్తీ చెప్పిన. గీయననే కొట్టిండు," అన్నాడు.

బయట సైకిళ్ల దగ్గర నా కోసం ఆగి ఉన్నాడు. నేను సైకిల్ తాళంలో చెవి పెట్టలేకపోతున్నాను. తీసుకుని ఆయనే తాళం తీశాడు. "భయపడ్డవా సేటూ? ఏం గాదు తియ్," అన్నాడు.

ఆ మాటకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. నన్ను ఓదారుస్తావా నువ్వు? నీ పిల్లల నోటి కాడి ముద్ద లాక్కున్నవాడికి సైకిల్ తాళం తీసిస్తావా? అక్కడే నాలుగు తన్ని ఉంటే, నేను ఆ దెబ్బలు చూసుకుంటూ హాయిగా బతికేవాణ్ని. మంచితనంతో మనిషిని చంపడం అంటే ఇదే. వకీలు మీద కోపం ఉంది, నా నాయన మీద ఉంది, నా మీద చెప్పనే అక్కర్లేదు. కానీ అందరికన్నా ఎక్కువ కోపం, దాచడమెందుకు, ఆయన మీదే.

మరుసటి పోటీల్లో లారీ ఆగగానే మళ్లీ అడిగాడు: "ఇయ్యాల నేనెవల్ని?" సెక్రటరీ నా పేరు చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. సెక్రటరీకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "ఆ పేరు వద్దు సాబ్. సేటు సర్కారు నౌకరిల ఉన్నడు. రేపు నేను దొరికితె ఆయన నౌకరికి దెబ్బ." ఇంకెవరి పేరో తీసుకుని దిగాడు. సగం ఆటలో అదే మోకాలు మళ్లీ పోయింది. ఇక ఆడలేదు.

ఆ తరువాత ఆయనకు మైదానంలో దొరికిన పని సున్నం గీయడం. పగలు షెడ్డు, పోటీల రోజుల్లో సున్నం డబ్బా. తాడు కట్టుకుని, కుంటుకుంటూ, వెనక్కి నడుస్తూ గీసేవాడు. నేను ఏటా మాజీ ఆటగాణ్నని పూలదండ వేయించుకోవడానికి వచ్చేవాణ్ని. ఎనభైలు వచ్చేసరికి పర్భణీ గోల్ ఊళ్లో ఒక కథ అయిపోయింది. నేను వద్దన్నా చెప్పేవాళ్లు, వద్దనడం నేనూ మానేశాను. ఒకసారి దండ మెడలో ఉండగానే ఆయన దగ్గరికి నడిచాను, ఏదో ఒకటి మాట్లాడదామని. నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా గీత తొక్కకు సేటూ. ఇంక ఆరలే."

ఇన్నేళ్ల పరిచయంలో ఆయన నాకు చెప్పిన ఒకే ఒక్క ఆజ్ఞ అది. నేను గీత ఇవతలే ఆగిపోయాను.

వంకర గీతలు చూసిన ఆ రోజుకు మళ్లీ వస్తాను. సెక్రటరీ ఇప్పుడు ముసలివాడు, చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం తగ్గలేదు. మైకులో ముందు "మన మైదానంలో సున్నం గీసే మనిషి ఈమధ్య కాలం చేశాడు" అని ఒక ముక్క చెప్పాడు. పేరు చెప్పలేదు. గుర్తు లేక కాదు. చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. వెంటనే పర్భణీ గోల్ కథ ఎత్తుకుని, నన్ను పిలిచి శాలువా కప్పాడు. జనం చప్పట్లు.

మైకు నా చేతికొచ్చింది. "ఆ గోల్ నేను కొట్టలేదు," అన్నాను. మరాఠీలో చెప్పాను, తెలుగులో చెప్పాను, హిందీలోనూ చెప్పాను. "ఆ రోజు నేను గట్టు మీద కూర్చున్నాను. కొట్టింది మీ సున్నం గీసే మనిషి. నా పేరు పెట్టుకుని ఆడాడు. నౌకరీ అడగడానికి వస్తే నేను అబద్ధం చెప్పి ఆ నౌకరీ తీసుకున్నాను." ఆయన పేరు మూడుసార్లు చెప్పాను. ఇంటి పేరుతో సహా, తండ్రి పేరుతో సహా.

ఇప్పుడు రాయి వస్తుంది, చెప్పు వస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే దాని కోసమే నిలబడ్డాను.

సెక్రటరీ మెల్లగా వచ్చి నన్ను కావలించుకున్నాడు. కళ్లు తుడుచుకుని, నా చేతిలోని మైకు తీసుకున్నాడు. "దేఖో, క్యా బడా దిల్ హై! అప్నా గోల్ మర్‌నేవాలే గరీబ్ కో దే దియా!" చూడండి ఎంత పెద్ద మనసో, తన గోల్‌ను పోయిన పేదవాడికి ఇచ్చేశాడు!

చప్పట్లు మారుమోగాయి. ఇందాకటి కన్నా ఎక్కువ. ముందు వరుసలో ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. కాదు, కాదు అని నేను అరుస్తుంటే, చూశారా ఎంత వినయమో అన్నారు. సెక్రటరీకి నిజం తెలుసు. ఇవాళ నువ్వు వీడివి అన్న నోరు ఆయనదే, నా వైపు చూపిన ఆ వేలు ఆయనదే. నా భుజం తడుతున్నదీ ఆ చెయ్యే.

అందుకే ఆ పోయినాయన పేరు ఇక్కడ రాయనన్నాను. రాస్తే మీరూ చప్పట్లు కొడతారు, నాకే.

శాలువా చంకలో పెట్టుకుని నేరుగా ఆయన ఇంటికి నడిచాను. ఆయన భార్య వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పన్నెండో రోజు. అంతకన్నా ఎక్కువ రోజులు చెయ్యి ఆపుకునే స్తోమత ఆ ఇంటికి లేదు. నన్ను చూసి లేవబోయింది. "కూసోండ్రి సేటూ," అని పీట జరిపింది. ఆ గోల్ సంగతి ఆమెకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఆయన ఇంట్లో చెప్పి ఉంటాడా? ఏమని చెప్పి ఉంటాడు?

శాలువా తీసి ఆమె ముందు పెట్టాను. "మైదానంలో ఇచ్చారు," అన్నాను.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. చాటలోని ఆకుల వైపే చూస్తూ అడిగింది. "ఎవల పేర ఇచ్చిన్రు?"

"నా పేర," అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. లోపల గోడకు మేకు కొట్టి వేలాడదీసిన ఆ పేపరు ముక్కల ఎక్స్‌రే కవరును గడ్డంతో చూపించింది.

"అట్లయితె ఆయనదే. దీన్ని గా కవరు పక్కకు పెట్టుండ్రి," అని, ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.